ఆకురాల్చు అడవి: చెట్ల జాతులు, చెట్ల చుట్టుకొలతలు



వానకాలం ముగిసే వేళ నల్లమలను గాని, శేషాచలం కొండలను గాని, ఆదిలాబాదు వైపు కవ్వాల్ అడవిని గాని చూసినవారికి కనుచూపు మేర పచ్చదనమే కనిపిస్తుంది. గొడ్డలి పడకుండా ప్రభుత్వం కాపాడుతున్న అడవి కాబట్టి అది క్షేమంగానే ఉందని అనుకోవడం కూడా సహజమే. అయితే ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం ఇప్పటికే ఎదిగి నిలిచిన చెట్లది. ఆ చెట్లు ఒక్కొక్కటిగా పడిపోయిన తరువాత వాటి చోటు ఏ జాతికి దక్కుతుంది, అసలు ఆ చోటును అందుకోవడానికి కింద ఏదైనా ఎదుగుతూ ఉన్నదా అన్న ప్రశ్నలకు పచ్చదనం సమాధానం చెప్పదు. ఆ సమాధానం దొరకాలంటే అడవిలో కొంత నేలకు హద్దులు వేసి, అందులోని ప్రతి చెట్టు జాతినీ నమోదు చేసి, ప్రతి కాండాన్నీ కొలిచి, ఒక్కొక్క జాతిలో సన్న చెట్లు ఎన్ని, లావు చెట్లు ఎన్ని అని విడదీసి చూడాలి. అడవి రాబోయే కాలం తెలియాలంటే సన్న చెట్లను జాతివారీగా లెక్కించాలి. ఈ ప్రసంగానికి విషయం ఆ లెక్కే.

ముందుగా ఈ అడవి స్వభావం తెలియాలి. ఏడాదిలో నాలుగైదు నెలలు వానలు కురిసి, మిగిలిన కాలం పొడిగా గడిచే ఉష్ణ ప్రాంతాలలో, నేలలో తడి తగ్గే కొద్దీ చెట్లు ఆకుల గుండా ఆవిరైపోయే నీటిని మిగుల్చుకోవడానికి ఆకులను రాల్చి, మోడులుగా నిలిచి, తొలకరికి ముందో తొలకరితోనో మళ్లీ చిగురిస్తాయి. ఇటువంటి అడవిని ఉష్ణమండల ఆకురాల్చు అడవి అంటారు. ఛాంపియన్, సేఠ్ అనే అటవీ శాస్త్రజ్ఞులు 1968లో సవరించి ప్రకటించిన భారతదేశపు అడవుల వర్గీకరణలో, తెలుగు ప్రాంతపు అడవులలో పెద్ద భాగం దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవుల కిందికే వస్తుంది. నల్లమద్ది, చిరుమాను, వేగిస, బిల్లుడు, గుంపెన, తునికి, అందుగు, మోదుగ, రేల, ఉసిరి ఈ అడవికి పరిచయమైన చెట్లు. ఫాల్గుణం దాటేసరికి వీటిలో చాలా జాతుల కింద నేల మీద ఆకు పరుచుకుని ఉంటుంది. కొండగోగు మాత్రం ఒక్క ఆకైనా లేని కొమ్మల చివర పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తుంది, బండల మధ్య నిలిచిన తపసి చెట్టు తెల్లని కాండం చాలా దూరం నుంచే కనబడుతుంది.

ఇంత అడవినీ చెట్టు చెట్టునా కొలవడం సాధ్యం కాదు గనుక, శాస్త్రజ్ఞులు అక్కడక్కడా 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న చదరాల వంటివి తాళ్లతో గుర్తించి, ఆ చదరాలలోని చెట్లను మాత్రం పూర్తిగా నమోదు చేస్తారు. కాండాన్ని ఛాతీ ఎత్తున కొలుస్తారు. భారతదేశపు అటవీశాఖల లెక్కలో ఛాతీ ఎత్తు అంటే నేల నుంచి 1.37 మీటర్లు, అంటే నాలుగున్నర అడుగులు. అంతర్జాతీయ పరిశోధనలలో 1.3 మీటర్లు తీసుకుంటారు. మొదట్లో కాండం వేళ్ల దగ్గర ఉబ్బి ఉంటుంది కాబట్టి అక్కడ కొలిస్తే చెట్టు ఉన్నదానికంటే లావుగా లెక్కకు వస్తుంది, అంతకంటే పైన కొలవాలంటే మనిషికి చేయి అందదు. ఈ రెండు ఇబ్బందులూ లేని చోటు కాబట్టి ఛాతీ ఎత్తు స్థిరపడింది. ఏటవాలు నేలలో నిలిచిన చెట్టును వాలుకు ఎగువ వైపు నిలబడి కొలుస్తారు.

కొలత చేతికి వచ్చిన తరువాత మొదట చూసేది జాతుల వైవిధ్యం. వైవిధ్యం అనే మాటలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి: ఎన్ని జాతులు ఉన్నాయన్నది ఒకటి, ఆ జాతుల మధ్య చెట్లు ఎలా పంచుకుని ఉన్నాయన్నది రెండవది. ఒక చదరంలో 100 చెట్లు, 10 జాతులు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క జాతికి సరిగ్గా 10 చెట్లు ఉన్నాయి. పక్క చదరంలోనూ 100 చెట్లు, 10 జాతులే ఉన్నాయి గాని, ఒక జాతికి 91 చెట్లు ఉంటే మిగిలిన తొమ్మిది జాతులకూ ఒక్కొక్క చెట్టే ఉంది. జాతుల సంఖ్య రెండింటా ఒకటే. కాని కళ్లు మూసుకుని రెండు చెట్లను ఎంచితే అవి వేరు వేరు జాతులవి అయ్యే అవకాశం మొదటి చదరంలో 100కి దాదాపు 91 సార్లు ఉంటే, రెండవ చదరంలో 17 సార్లు మాత్రమే ఉంటుంది. ఈ అవకాశాన్నే వైవిధ్యానికి కొలమానంగా తీసుకోవచ్చునని సింప్సన్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 1949లో చూపించాడు. దీనికి తోడుగా వాడే మరో సూత్రం క్లాడ్ షానన్ 1948లో ప్రతిపాదించినది. సందేశాల ప్రసారం గురించిన గణితంలో పుట్టిన ఆ సూత్రాన్ని జీవశాస్త్రజ్ఞులు అడవికి వాడుకున్నారు. రెండవ చదరంలోని ఆ తొమ్మిది ఒంటరి చెట్లను ఒక్క గాలివానో ఒక్క కార్చిచ్చో పడగొడితే, అక్కడ మిగిలేది ఒకే ఒక్క జాతి.

దక్షిణ భారతంలో ఇటువంటి అడవిని అత్యంత ఓపికగా కొలిచిన చోటు తమిళనాడులో నీలగిరుల పాదాల దగ్గర ఉన్న ముదుమలై. 1940 నుంచి వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ఉన్న ఈ అడవిలో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988లో 50 హెక్టార్ల నేలను, అంటే దాదాపు 125 ఎకరాలను శాశ్వత పరిశీలన కోసం ఎంచుకున్నారు. ఏనుగుల గురించిన పరిశోధనతో దేశమంతటా పేరుపొందిన రామన్ సుకుమార్ ఆ పనికి నాయకుడు. ఛాతీ ఎత్తున అడ్డుకొలత కనీసం ఒక సెంటీమీటరు ఉన్న ప్రతి కాండాన్నీ, అంటే చిటికెన వేలంత సన్నని మొక్కను కూడా, గుర్తించి దానికో సంఖ్య ఇచ్చారు. ఆ తరువాత ఏటేటా ఏ సంఖ్య గల చెట్టు చచ్చింది, కొత్తగా ఏది ఒక సెంటీమీటరుకు ఎదిగింది అన్నది నమోదు చేస్తూ వచ్చారు. మొదటి లెక్కలో ఆ 50 హెక్టార్లలో 70 పైచిలుకు జాతులు, 25,000 పైచిలుకు కాండాలు తేలాయి. పనామా దేశంలోని బారో కొలరాడో దీవిలో ఇంతే వైశాల్యంలో దాదాపు 300 జాతులు, రెండు లక్షలకు మించిన కాండాలు ఉన్నాయి. మలేసియాలోని పాసో అడవిలో ఇంతే నేలలో 800 పైచిలుకు జాతులు ఉన్నాయి.

ఈ అంకెలను చూసి ఆకురాల్చు అడవి దరిద్రమైన అడవి అనుకోవడం పొరపాటు. ఏడాది పొడవునా తడి అందే చోట వందల జాతులు బతకగలవు గాని, నెలల తరబడి వాన చుక్క లేని నేలను, ఆపైన ఎండుటాకుల మీద పాకే మంటను తట్టుకోగల జాతులు కొన్నే ఉంటాయి. ఆ కొన్నిటిలో ఒక్కటి తగ్గినా లోటు తీర్చడానికి మరో జాతి సిద్ధంగా ఉండకపోవచ్చు. తడి అడవి కంటే పొడి అడవిలో ఒక్కొక్క జాతి లెక్కకు విలువ ఎక్కువ.

ఇక రెండవ సంగతి, అడవి నిర్మాణం. నిర్మాణం అంటే అడవిలో చెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎంత ఎత్తున ఉన్నాయి, ఎంత లావున ఉన్నాయి అన్న అమరిక. లావును తెలుసుకోవడానికి చుట్టుకొలతను 3.14తో భాగించి అడ్డుకొలత తీస్తారు. ఆ అడ్డుకొలతను బట్టి, ఛాతీ ఎత్తున కాండాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వృత్తం వైశాల్యాన్ని లెక్క కట్టి, దానిని కాండవైశాల్యం అంటారు. 10 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చెట్టు కాండవైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న చెట్టుకు అది 2,826 చదరపు సెంటీమీటర్లు. అడ్డుకొలత ఆరింతలైతే కాండవైశాల్యం ముప్పయి ఆరింతలైంది. అంటే ఒక్క ముసలి నల్లమద్ది పడిపోయిన చోట 36 సన్న చెట్లు నిలిస్తే తప్ప ఆ కొలత పూడదు. ఒక చెట్టు నరికితే ఒక మొక్క నాటుతామన్న మాటలో ఎంత తేడా దాగి ఉందో ఈ లెక్క చూపిస్తుంది.

చెట్లను కాండం లావు ప్రకారం తరగతులుగా విడదీసి, ఒక్కొక్క తరగతిలో ఎన్ని ఉన్నాయో చూడటం ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. ఫ్రెంచి అటవీ అధికారి ద లియోకూర్ 1898లోనే గమనించినట్టు, తనంత తాను కొనసాగే అడవిలో సన్న చెట్లు చాలా ఎక్కువగాను, లావు పెరిగే కొద్దీ క్రమంగా తక్కువగాను ఉంటాయి, ఎందుకంటే మొలిచినవాటిలో అత్యధికం మధ్యలోనే చచ్చిపోతాయి. ఇది ఊరి జనాభా లెక్క వంటిది. ఊళ్లో వెయ్యి మంది ఉన్నారని తెలిసినంత మాత్రాన ఊరు నిలుస్తుందో లేదో తెలియదు. ఉన్నవారిలో ఎక్కువ మంది అరవై దాటినవారై, బడి ఖాళీగా ఉంటే, ఇళ్లు ఎంత గట్టివైనా ఆ ఊరి సంగతి ఆలోచించవలసిందే. మరొక మెట్టు ముందుకు వెళితే, బడి నిండా పిల్లలు ఉన్నా వారంతా రెండు మూడు ఇళ్లవారే అయినప్పుడు, మిగిలిన ఇళ్ల మాట ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

అడవిలోనూ సరిగ్గా ఈ రెండవ ప్రశ్న దగ్గరే చాలా మంది పొరబడతారు. అడవి మొత్తం లెక్క తీసుకుంటే సన్నవి ఎక్కువ, లావువి తక్కువ అని చక్కగా కనబడుతుంది. కాని ఆ సన్నవన్నీ ఎప్పటికీ పెద్దగా ఎదగని పొదల జాతులవి కావచ్చు. లావువన్నీ కింద ఒక్క పిల్ల కూడా లేని నల్లమద్దులో వేగిసలో కావచ్చు. మొత్తం లెక్క బాగుందని సంతోషించినవారు, జాతివారీగా విడదీసిన తరువాత అందులో కొన్ని జాతులకు అడుగు తరగతి మొత్తం ఖాళీగా ఉన్నదని తెలుసుకుంటారు. అందుకే ఈ మాటను మరొకసారి చెప్పడం అవసరం: సన్న చెట్లను లెక్కించాలి, జాతివారీగా లెక్కించాలి.

అయితే ఆకురాల్చు అడవిలో సన్నని చెట్టు అంటే తప్పనిసరిగా చిన్న వయసు చెట్టు అని అర్థం కాదు, ఈ మెలకువ లేకుండా లెక్క చదివితే తప్పుదారి పడుతుంది. వేసవిలో రాలిన ఆకు ఎండి, నిప్పు తగిలినప్పుడు, మంట నేల మీదుగా పాకుతూ మోకాలి ఎత్తు, నడుము ఎత్తు మొక్కల కాండాలను కాల్చివేస్తుంది. పైన కాండం మాడిపోయినా నేలలోని వేరుదుంప బతికి ఉండి, తొలకరికి మళ్లీ పిలకలు వేస్తుంది. మరుసటి ఏడు మళ్లీ మంట వస్తే ఆ పిలక మళ్లీ కాలిపోతుంది. తునికి ఈ విద్యలో ఆరితేరిన చెట్టు, దాని వేళ్ల నుంచే కొత్త పిలకలు పుట్టుకొస్తూ ఉంటాయి. ఇలా పైకి ఒక్క ఏడాది వయసున్న పిలకలా కనిపించే మొక్కకు నేల కింద ఎన్నో ఏళ్ల వయసున్న వేరు ఉండవచ్చు. వరుసగా కొన్ని ఏళ్లు మంట రాకపోతే మాత్రం, ఆ పిలక మంట అందని ఎత్తుకు ఎదిగి, బెరడు మందం కట్టి, ఇక బతికిపోతుంది. ఎదిగిన నల్లమద్దికి నిలువునా అడ్డంగా లోతుగా పగిలిన మందపు బెరడు ఉంటుంది, నేల మంట దానిని అంత తేలికగా చంపలేదు.  

ముదుమలైలో 1990ల కాలంలో మంటలు మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు ఈ సంగతి అంకెలలోకి ఎక్కింది. లావు చెట్లలో చావు చాలా తక్కువగా ఉంటే, సన్నవాటిలో చాలా ఎక్కువగా నమోదైంది. వెంటేకు, నల్లమద్ది, చిరుమాను, టేకు పై అంతస్తులో నిలకడగా నిలిచాయి. వీటిలో వెంటేకు తెలుగు నేల మీది చెన్నంగికి దగ్గరి బంధువు. కింది అంతస్తులో మాత్రం పెద్ద మార్పు జరిగింది. పత్తి, బెండ కుటుంబానికే చెందిన కైడియా అనే చిన్న మాను మొదటి లెక్కలో వేల సంఖ్యలో కనిపించింది. ఏనుగులు దాని కాండాలను విరిచి, బెరడు ఒలిచి తింటూ రావడం, దానికి మంటలు తోడు కావడం వల్ల కొద్ది సంవత్సరాలలోనే దాని సంఖ్య బాగా పడిపోయింది. దారి వెంట నడిచి వెళ్లేవారికి అడవి అప్పుడూ పచ్చగానే కనిపించి ఉంటుంది. ప్రతి కాండానికీ సంఖ్య వేసి ఏటేటా తిరిగి చూసినందువల్లనే ఏ జాతి, ఏ లావులో, ఏ ఏడు, ఎందువల్ల తగ్గిందో చెప్పడం సాధ్యమైంది. ఏనుగులు కైడియాను తినడం అడవికి కొత్త కాదు, దానిని ఆపడం ఎవరి పనీ కాదు. మంట ఎన్నేళ్లకొకసారి వస్తున్నదన్నది మాత్రం చాలా వరకు మనిషి చేతిలో ఉన్నది, ఎందుకంటే ఈ అడవులలో నిప్పు పుట్టేది ఎక్కువగా మనుషుల వల్లనే.

నిర్మాణంలో ఖాళీ కింది నుంచే రానక్కరలేదు, పై నుంచి కూడా రావచ్చు. అందుకు శేషాచలం కొండలలోని ఎర్రచందనం ఉదాహరణ. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలలోనూ వాటికి ఆనుకున్న కొంత నేలలోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టులో విలువ అంతా కాండం నడుమ ఉండే ఎర్రని చేవది. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. దొంగ నరుకుడుకు వచ్చేవారు చేవ ఉన్న లావు చెట్లనే వెతికి నరుకుతారు గనుక, దెబ్బతిన్న చోట లెక్క తీస్తే సన్న చెట్లు ఉంటాయి, పై తరగతులు మాత్రం ఖాళీ అవుతాయి. నరికిన మొదళ్ల నుంచి ఎర్రచందనం మళ్లీ చిగురించగలదు, కాబట్టి చెట్ల సంఖ్య తగ్గినట్టు కూడా కనిపించకపోవచ్చు. కాని విత్తనం ఎక్కువగా ఇచ్చేవి బాగా ఎదిగిన చెట్లు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు ఏర్పడినా, ఎర్రచందనం రవాణాపై అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ 1995 నుంచి అమలులో ఉన్నా, ఈ చెట్టు రక్షణ జరుగుతున్నదా లేదా అన్నది తేల్చవలసింది లావు తరగతుల లెక్కే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఒక అడవిని అభయారణ్యంగానో జాతీయ ఉద్యానంగానో ప్రకటించినప్పుడు నరకడం, పశువులను మేపడం వంటివాటికి అడ్డుకట్ట పడుతుంది, అది చిన్న మేలు కాదు. కాని చట్టం నిప్పును ఆపలేదు, లాంటానా వంటి పరాయి పొదను ఆపలేదు. దక్షిణ అమెరికా వైపు నుంచి తోటల అందం కోసం తెచ్చిన లాంటానా ఇప్పుడు ముదుమలైతో సహా ఎన్నో అడవులలో అల్లుకుపోయి, నేల మీద వెలుతురు పడకుండా చేసి, మొలకలను ఎదగనివ్వడం లేదు. ఎండినప్పుడు నేల మంటను కొమ్మల దాకా ఎక్కిస్తుంది కూడా. తపసి బంక కోసం లోతుగా గాట్లు పెట్టిన చోట్ల ఆ చెట్లు ఎండిపోవడం కూడా తెలిసిన విషయమే. చెంచులకు తపసి బంక బతుకు తెరువు, వారి దగ్గర గిరిజన సహకార సంస్థ దానిని కొంటుంది. చిన్నగా, పైపైన గాటు పెట్టే పద్ధతి నేర్పిన చోట బంకా దక్కుతుంది, చెట్టూ నిలుస్తుంది. అడవిలో ఉండేవారిని బయటికి పంపితే అడవి బాగుపడుతుందన్న ఆలోచన కంటే, వారితో కలిసి చెట్లను లెక్కించడం ఎంతో మేలైన పని, ఎందుకంటే మోడు చెట్టును బెరడు చూసి, వాసన చూసి జాతి చెప్పగలిగినవారు వారే.

ఈ కొలతకు పెద్ద పరికరాలు అక్కరలేదు. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పనీ చేయకూడదు గాని, వన సంరక్షణ సమితి చూసుకునే అడవిలోనో, ఊరి దేవత తోపులోనో, కళాశాల వెనుక గుట్ట మీదనో జీవశాస్త్ర విద్యార్థులు ఈ లెక్క మొదలుపెట్టవచ్చు. 20 మీటర్ల తాడు, దర్జీ వాడే టేపు, నోటు పుస్తకం, కొద్దిగా రంగు ఉంటే చాలు. ఆకు నిండుగా ఉండే ఆశ్వయుజ, కార్తీక మాసాలు జాతులను గుర్తుపట్టడానికి అనువైన కాలం. పెద్ద చెట్లను కొలిచి ఊరుకోకుండా, నడుముకు రాని మొలకలను కూడా జాతివారీగా లెక్కపెట్టాలి. జాతి పేరును ముందు ఆ ఊరివారు పిలిచే మాటతోనే రాసుకుని, శాస్త్రీయ నామాన్ని తరువాత తెలిసినవారిని అడిగి చేర్చుకోవాలి. టేపు చుట్టిన చోట కాండం మీద సన్నని రంగు గీత గీయడం మరవకూడదు. ఈ అడవిలో చాలా చెట్లు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే లావెక్కుతాయి కాబట్టి, మూడు నాలుగేళ్ల తరువాత వచ్చినవారు టేపును జానెడు పైకో కిందికో చుట్టితే, పెరిగిన చెట్టు తగ్గినట్టు, పెరగని చెట్టు పెరిగినట్టు పుస్తకంలోకి ఎక్కుతుంది. చచ్చిన చెట్టు సంఖ్యను కొత్త మొక్కకు ఇవ్వకుండా, ఏ సంవత్సరం చచ్చిందో దాని ఎదురుగా రాసి, ఆ వరుసను అలాగే ఉంచాలి.